పెరట్లో కొక్కు, పక్కనే కలుగు

శనివారం పొద్దున పొన్నుసామి నాయుడు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆరు గంటలకు వెనక వసారాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకోవాలి. కాఫీ తాగాలి. ఎండ జామచెట్టు మొదటికి వచ్చేదాకా, అంటే ఇంచుమించు తొమ్మిదిన్నర వరకు, ఎవరి జోలికీ పోకుండా పిట్టల్ని చూడాలి. రేపటినుంచి చూడటానికి ఆ పెరడు ఉండదు కాబట్టి, ఈ ఒక్క రోజూ ఇంకాస్త ఎక్కువసేపు కూర్చున్నా ఇంట్లో ఎవరూ ఏమీ అనరని ఆయన ఆశ.

పొన్నుసామి కోయంబత్తూరులో ఒక పంపుసెట్ల కంపెనీ స్టోర్సులో ముప్పై ఆరేళ్ళు పనిచేశాడు. ఆ గదికి కిటికీ లేదు. ఉన్నదల్లా ట్యూబ్‌లైటు, నట్లు, బోల్టులు, వాటికి నెంబర్లు. రిటైరైన మర్నాడు ఆర్.ఎస్. పురంలోని తన ఇంటి వెనక వసారాలో కూర్చుంటే ఎక్కడో టక్కు టక్కుమని చప్పుడు వినిపించింది. పక్క వీధిలో ఎవరో రేకు కొడుతున్నారనుకుని, చేసే పని వంకరగా చేస్తున్నారేమోనని చూడటానికి చెప్పులేసుకుని బయల్దేరాడు కూడా. తీరా అది మునగచెట్టు మీద కూర్చున్న కంసాలిపిట్ట. గుప్పెడంత పిట్ట, ఎర్రటి నుదురు, అంత చప్పుడు! అరవై ఏళ్ళు వచ్చేదాకా ఇలాంటిదొకటి తన పెరట్లోనే ఉందని తెలియనందుకు ఆయనకు కొంత సిగ్గు, చాలా సంతోషం కలిగాయి. ఆ వారమే బైనాక్యులర్ కొన్నాడు.

అప్పటినుంచి రెండేళ్ళుగా ఆయన సుఖంగా ఉన్నాడు. మాసి, పంగుని అనే తమిళ నెలల్లో, అంటే వేసవి మొదట్లో, ఎండ ముదిరితే పిట్టలే ఆయన దగ్గరికి వచ్చేవి. మట్టి మూకుట్లో నీళ్ళు పోసి పెడితే చాలు, పికిలిపిట్టలు తలలు ముంచుకునేవి, గోరింకలు పోట్లాడుకునేవి, అరటిపువ్వు దగ్గర తేనెపిట్ట తలకిందులుగా వేలాడేది. కనబడిన ప్రతి పిట్టనూ ఆయన నోటుబుక్కులో ఎక్కించేవాడు. చదివింది తమిళ బడిలో, పేర్లు తెలిసింది అమ్మ నోటి తెలుగులో. అందుకని తెలుగు పేర్లు తమిళ అక్షరాల్లో రాసుకునేవాడు. ఆ బుక్కు ఆయనకు తప్ప ప్రపంచంలో ఎవరికీ పనికిరాదు. పక్కింటి కళైవాణి తమ పక్షుల సంఘంలో చేరమని ఒకసారి పిలిచింది. "పిట్టల్ని చూసేదానికి గుంపు ఏమిటికమ్మా? అవి పారిపోవా?" అన్నాడు పొన్నుసామి. ఆ మాట సంఘానికి కార్యదర్శి అయిన కళైవాణికి నచ్చలేదు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ పెరడు పిట్టలకే కాదు, పందికొక్కులకు కూడా నచ్చింది. నాలుగు తరాలుగా తమిళదేశంలో నలిగిన ఆ ఇంటి తెలుగులో పంది ఎప్పుడో రాలిపోయి ఉత్త కొక్కు మిగిలింది. కొక్కులు బట్టలుతికే రాయి పక్కన పెద్ద కలుగు తవ్వాయి. పోయిన నెలలో పొన్నుసామి తల్లి, ఎనభై మూడేళ్ళ అంజలమ్మ, కరివేపాకు కోయడానికి వెళ్ళి ఆ కలుగులో కాలు వేసింది. కాలు బెణికి పది రోజులు మంచం మీద ఉంది. పదకొండో రోజు లేచి తీర్పు చెప్పింది. పెరడంతా సిమెంటు పోసెయ్యాలి.

పొన్నుసామి తన ప్రయత్నాలు తాను చేశాడు. కలుగులో ఇటుక ముక్కలు కుక్కాడు, మిరప్పొడి పోశాడు, ఎవరి ఇంటినుంచో పిల్లిని తెచ్చాడు. పిల్లి రెండు రోజులు కలుగు ముందు కూర్చుని, కొక్కు సైజు చూసి, మూడో రోజు మర్యాదగా వెళ్ళిపోయింది. భార్య ముత్తులక్ష్మి ఎటూ మొగ్గలేదు. అత్త మాట అత్తది, పిట్టలు మొగుడివి, ఆమెకు తన వంటిల్లు తనకుంటే చాలు. అత్త చెప్పింది కాబట్టి మణికండన్ మేస్త్రికి ఫోన్ చేసింది. ఆదివారం పదింటికి వస్తానన్నాడు మేస్త్రి.

ఇదీ శనివారం పొద్దుటి పరిస్థితి. పొన్నుసామి వసారాలో కూర్చుని చివరిసారిగా తేనెపిట్టను చూస్తూ, దుఃఖంలో కూడా దాని చేష్టలకు నవ్వు ఆపుకోలేక నవ్వుతున్నాడు. సరిగ్గా అప్పుడే అంజలమ్మ గోడ దగ్గర నిలబడి, గోడకవతల మొక్కలకు నీళ్ళు పోస్తున్న కళైవాణితో మాట్లాడుతోంది.

కళైవాణిది మదురై. బ్యాంకు ఉద్యోగం ఆమెను కోయంబత్తూరు తెచ్చింది. తెలుగు తనకు బాగా వచ్చని ఆమె నమ్మకం. మూడేళ్ళుగా గోడ మీదుగా అంజలమ్మ మాటలు వింటోంది, సగానికి పైగా తమిళమే ఉంటోంది, మిగతాది ఊహించుకుంటే సరిపోతోంది.

"ఎన్న పాట్టి, కాలు ఎప్పడి ఇరుక్కు?" అని, అవ్వ కాలు ఎలా ఉందో అడుగుతూ, పలకరించింది.

"కాలుకేమి కలై, నడుస్తానే ఉండాను. ఈ కొక్కులతోనే పెద్ద తొందరవు, పడలేకుండా ఉండాము. జత వచ్చుండాది."

"కొక్కా! ఉంగ వీట్లయా?"

"ఆమా, మా ఇంట్లోనే. ఇంత లావు. బట్టల రాయి పక్కనే కలుగు. ఎంత పెద్ద కలుగు తెలుసునా? ఇంత!" అంజలమ్మ రెండు చేతులూ బార చాచింది. "లోపల పిల్లలు కూడా పెట్టేసె."

కళైవాణి చేతిలో నీళ్ళ మగ్గు ఆగిపోయింది. "పిళ్ళైగళా?"

"అందుకే రేపు పది గంటలకు సిమెంటు పోసి అంతా మూసేస్తాము. కొక్కు, కలుగు, పిల్లలు, అన్నీ లోపలే పోనీ."

"పొన్నుసామి సార్?"

"వాడేమి చెప్తాడు? సరి అనేసె."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తెలుగులో కొక్కు అంటే పందికొక్కు, తమిళంలో కొక్కు అంటే కొంగ. తెలుగులో కలుగు అంటే ఎలుకలు తవ్వే బొరియ, తమిళంలో కళుగు అంటే డేగ. ఆ మాటను నోరు తిప్పి సరిగ్గా పలికే తమిళులు పలుకుతారు గానీ, మదురై వాళ్ళు పలికితే మన కలుగుకూ దానికీ పెద్ద తేడా వినబడదు. కాబట్టి కళైవాణికి అర్థమైందేమిటంటే, గోడకవతల ఒక కొంగల జంట ఉంది, వాటి పక్కన బారెడు డేగ ఉంది, గూట్లో పిల్లలున్నాయి, రేపు పదింటికి వాటన్నిటినీ సజీవంగా సిమెంటులో పూడ్చబోతున్నారు. ఆమె మునివేళ్ళ మీద లేచి గోడ మీదుగా చూసింది. బట్టల రాయి కనబడలేదు. వసారాలో బైనాక్యులర్ పట్టుకుని తనలో తాను నవ్వుకుంటున్న పొన్నుసామి మాత్రం కనబడ్డాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్ళు మండింది.

ఆమె కబురు పదింటికి సంఘం ఫోన్లలోకి ఎక్కింది. మధ్యాహ్నానికి పొల్లాచ్చి చేరింది. కొబ్బరితోటల మధ్య తీరిగ్గా ఉన్న అక్కడి సభ్యులు దాన్ని పళనికి పంపారు. పంపేటప్పుడు కొంగలు ఎనిమిదయ్యాయి, డేగ ఎక్కడో హిమాలయాలనుంచి వచ్చినదైంది. సంఘం అధ్యక్షుడు కదిరవన్ ముప్పై ఏళ్ళుగా పక్షుల్ని చూస్తున్నవాడు. కొంగ, డేగ ఒకే చోట నేల మీద కాపురం పెట్టడం తాను ఎన్నడూ వినలేదన్నాడు. వినలేదు కాబట్టి అనుమానించాలి కదా? ఆయన అనుమానించలేదు. వినలేదు కాబట్టే రాత్రి అన్నం సహించనంత ఉత్సాహపడ్డాడు.

అయినా పెద్దమనిషి. పోట్లాటకు దిగేముందు మంచిగా అడిగి చూద్దామని సాయంత్రం కళైవాణి దగ్గర నెంబరు తీసుకుని ముత్తులక్ష్మికి ఫోన్ చేశాడు. ఆమె మిక్సీలో కొబ్బరి చట్నీ వేస్తూ ఫోనెత్తింది. మాటలన్నీ తమిళంలోనే జరిగాయి, మన సౌకర్యం కోసం తెలుగులో చెప్పుకుందాం.

"అమ్మా, మీ ఇంట్లో కొక్కులున్నాయట, నిజమేనా?"

"ఉన్నాయండీ. మీకెవరు చెప్పారు?"

"పక్కింటావిడ. పిల్లలు కూడా ఉన్నాయా?"

"ఆరేడు ఉంటాయి. పొద్దస్తమానం కిచకిచమంటుంటాయి."

"దయచేసి వాటికి మందూ మాకూ పెట్టకండి. సిమెంటు పొయ్యకండి. రేపు పొద్దున పదిమందిమి వస్తాం."

ముత్తులక్ష్మికి తమిళంలో కొక్కు అంటే కొంగ అని తన పేరు తెలిసినంత బాగా తెలుసు. కానీ నెల రోజులుగా ఆ ఇంట్లో కొక్కంటే ఒకటే ప్రాణి, ఆమె సబ్బులు తింటున్నది. ఇంట్లో వాడే మాట ఏ భాషదో ఎవరూ తిరగేసి చూడరు. వచ్చి ఏం చేస్తారని అడిగింది. "పడం పిడిప్పోం" అన్నాడాయన, అంటే ఫోటోలు తీస్తామని. మిక్సీ గోలలో 'పడం' కొట్టుకుపోయి 'పిడిప్పోం' ఒక్కటే ఆమె చెవిన పడింది, అంటే పట్టుకుంటామని. డబ్బులేమైనా తీసుకుంటారా అని భయపడుతూ అడిగితే, ఇది సేవ అన్నాడు. ఊరికే సేవ చేసేది కార్పొరేషన్ వాళ్ళే అయి ఉంటారనుకుంది ఆమె.

ఆమె ఫోను పెట్టేసి వసారాలోకి వచ్చింది. "ఏమండీ, కార్పొరేషన్ వాళ్ళు రేపు కొక్కుల్ని పట్టేదానికి వస్తారంట. పది పేరు మనుషులు! కాసు కూడా వద్దంట. వాళ్ళు పట్టినాక మేస్త్రి సిమెంటు పోసేస్తాడు. కాఫీ మీరే చూసుకోవాల."

రిటైరయ్యాక ఆ ఇంట్లో కాఫీ కలిపే పని పొన్నుసామిది. అదొక్కటే. ఆయన సరేనన్నాడు. తన పెరడు పోయే రోజున తానే కాఫీ అందించాలని రాసిపెట్టి ఉంటే ఏం చేస్తాడు?

ఆదివారం ఏడున్నరకు పదకొండుమంది వచ్చారు. అందరూ ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు వేసుకుని, చెప్పులు గేటు దగ్గరే విడిచి, పిల్లుల మాదిరి అడుగులో అడుగు వేసుకుంటూ పెరట్లోకి వెళ్ళి అరటి గుబురు వెనక కూర్చున్నారు. ఒక్కొక్కరి మెడలో మోచేతి పొడవు కెమెరా. ముత్తులక్ష్మి అబ్బురపడింది. కార్పొరేషన్ ఇంత బాగుపడిందని ఆమెకు తెలియదు.

"బోను యాడ సార్?" అని అడిగింది.

కదిరవన్ పెదాల మీద వేలు పెట్టి, "సత్తం పోడాదీంగ" అని గుసగుసగా అన్నాడు. చప్పుడు చేస్తే పారిపోతాయి కదా, నిజమేననుకుని ఆమె కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

లోపల పొన్నుసామి మొదటి విడత కాఫీ కలుపుతున్నాడు. ముగ్గురికి కలిపే చేయి పన్నెండుమందికి కలపాల్సి వచ్చేసరికి వంటిల్లు యుద్ధభూమి అయింది. పాలు పొంగి స్టవ్ మీదనుంచి నేలకు దిగుతున్నాయి. చక్కెర కోసం ఆయన ఏడు డబ్బాలు తెరిచాడు. మూసేటప్పుడు ఆవాల మీద మెంతుల మూత, మెంతుల మీద కందిపప్పు మూత పెట్టాడు.

"లక్ష్మీ, ఈ డబ్బాలకు ఒక క్రమం లేదే! రేపటినుంచి నేను సుమ్మా ఊరికే ఉండేదే కదా. మా స్టోర్స్ మాదిరి అన్నిటికీ నెంబరు వేసి, లిస్టు రాసి గోడకు అంటిస్తాను. పొద్దున్నుంచి ఇక్కడే కుర్చీ వేసుకుంటే వారంలో అయిపోతుంది," అన్నాడు.

ముత్తులక్ష్మి గుమ్మంలో నిలబడి ఆ డబ్బాలను, స్టవ్‌ను, మొగుణ్ణి వరసగా చూసింది. గుడ్డ తీసుకుని నేల తుడిచింది.

పెరట్లో అంజలమ్మ కూడా తన కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. ఆమెకు ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కన్ను వచ్చే నెలకు వాయిదా పడింది. చూపు తక్కువైనా గొంతు తక్కువ కాదు. వచ్చినవాళ్ళు కొక్కు గురించి వివరాలు అడగడం ఆమెకు నచ్చింది. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ వివరాలు అడగరు. పక్కింటినుంచి వచ్చిన కళైవాణి ఆమె పక్కన కూర్చుని, మంచి గర్వంతో, తెలుగునుంచి తమిళానికి మార్చి చెప్పసాగింది.

"ఎట్లుంటుంది అంటే, నల్లగా ఉంటుంది. మూతి పొడుగు. రాత్రిపూట వస్తుంది."

"కరుప్పాగ ఇరుక్కుమామ్, మూక్కు నీళమామ్, రాత్తిరిల వరుమామ్," అంది కళైవాణి.

"ఇరాక్కొక్కు!" అన్నాడు కదిరవన్. రాత్రి కొంగ. అరటి గుబురు వెనక పదిమందీ ఒకేసారి ఊపిరి పీల్చారు.

"సబ్బు తింటుంది," అంది అంజలమ్మ. "మొన్న కొత్త సబ్బు, కాగితం కూడా విప్పలేదు, అట్లనే తినేసె."

కళైవాణి తటపటాయించింది. తన తెలుగు మీద మొదటిసారి అనుమానం వచ్చింది. అయినా విన్నది విన్నట్టు చెప్పింది.

కదిరవన్ కళ్ళు మూసుకున్నాడు. "ఇదువరైక్కుం యారుం పార్త్తదిల్లై," అన్నాడు మెల్లగా. ఇంతవరకు ఎవరూ చూడలేదట. "ఎళుదుంగ." పక్కనున్నవాడు రాసుకున్నాడు.

"పొల్లాచ్చి కొబ్బరికాయ, పీచు ఉరించి పెట్టింది, దొర్లించుకుని పోయి కలుగులో పెట్టుకునె."

కొంగ కొబ్బరికాయను దొర్లించుకెళ్ళి డేగకు ఇచ్చిందన్నమాట. కదిరవన్ కెమెరా సర్దుకుని, "అంద కళుగు ఎంగమ్మా?" అని అడిగాడు. ఆ డేగ ఎక్కడమ్మా అని.

"యాడనా? నువ్వు నిలబడుకొని ఉండేది దాని మీదనే కదప్పా!"

కళైవాణి మార్చి చెప్పేలోగా ఆమె వేలు చూపించిన దిక్కు చూసి కదిరవన్ గాల్లోకి ఎగిరాడు. దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, కింద మట్టిని చేత్తో మెల్లగా తడిమాడు.

అదే సమయానికి పొన్నుసామి కాఫీ తట్టతో బయటికి వచ్చాడు. కదిరవన్ లేచి నిలబడి ఆయన్ని బాధగా చూశాడు. "సార్, మీరు కూడా పక్షులు చూసే మనిషని విన్నాను. ఈ ఇరాక్కొక్కుల మీద, ఆ కళుగు పిల్లల మీద సిమెంటు పోయించడానికి మీకు మనసెలా వచ్చింది?" అని తమిళంలో అడిగాడు.

పొన్నుసామి ఆయన్ని చూశాడు. కలుగును చూశాడు. చేతులు చాచి కలుగు కొలత చూపిస్తున్న తల్లిని, పక్కన కాగితం నిండా రాసుకుంటున్న మనిషిని చూశాడు. కొక్కు కొంగగా, కలుగు డేగగా ఎలా మారాయో ఆయనకు ఒక్క క్షణంలో అర్థమైంది. ఆ పెరట్లో రెండు భాషలూ, పిట్టలూ మూడూ తెలిసినవాడు ఆయనొక్కడే. ఒక్క మాట చెబితే అందరూ నవ్వుకుని, కాఫీ తాగి, ఇళ్ళకు పోతారు. పదింటికి మేస్త్రి వస్తాడు. సాయంత్రానికి మునగచెట్టు కింద బూడిదరంగు సిమెంటు ఆరుతుంటుంది.

పొన్నుసామి జీవితంలో స్టోర్సు లెక్క ఒక్క నట్టుకు కూడా అబద్ధం రాయలేదు. గొంతులో మాట కదిలింది. పైన మునగకొమ్మ మీద కంసాలిపిట్ట టక్కు టక్కుమంది.

"సక్కరె సరిగా ఉందా సార్?" అని అడిగి, ఖాళీ తట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన ఎవరూ అడగకుండానే రెండో విడత కాఫీ ఇచ్చాడు. తొమ్మిదిన్నరకు మణికండన్ మేస్త్రి, ఇద్దరు కూలీలు, ఆటో నిండా సిమెంటు మూటలు దిగడం కిటికీలోంచి చూసి, మూడో విడతకు పాలు స్టవ్ మీద పెట్టాడు. బయట ఉంటే ఎవరైనా ఏదైనా అడుగుతారని ఆయన భయం.

మేస్త్రి మొదటి మూట భుజం మీద పెట్టుకుని పెరట్లో అడుగుపెట్టగానే అరటి గుబురు వెనకనుంచి పదిమందీ లేచి వచ్చి, కదిరవన్‌తో, కళైవాణితో కలిసి బట్టల రాయి ముందు చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. "ఒక్క మూట కూడా దిగకూడదు!" అంది కళైవాణి. ముత్తులక్ష్మి గుమ్మంలోంచి చూస్తూ నోరు తెరిచింది. ఈ కార్పొరేషన్ వాళ్ళు కొక్కుల్ని పట్టడానికి వచ్చారా, వాటికి కాపలా కాయడానికి వచ్చారా?

"ఎన్నమ్మా, వేలై ఉండా, ఇల్లైయా?" అని అరిచాడు మేస్త్రి. పని ఉందా లేదా చెప్పమన్నాడు. ఎండ నెత్తికెక్కుతోంది, మూట భుజం దించుతోంది. డేగ ఉందని ఒకరంటే, కొక్కు ఉందని ఇంకొకరంటుంటే, చివరికి ఆయనకు విసుగొచ్చింది. మూట కింద పడేసి, మొక్కలకు నీళ్ళు పట్టే ట్యూబు తీసి, వరసలో ఇద్దరి కాళ్ళ సందునుంచి కలుగులోకి దూర్చి, కొళాయి తిప్పాడు.

ఒక నిమిషం ఏమీ జరగలేదు. తర్వాత నేల లోపల గుర్రుమంది. తడిసి, ఒళ్ళంతా ముళ్ళలా వెంట్రుకలు లేచి, చిన్న పందిపిల్లంత కొక్కొకటి బయటికి దూసుకొచ్చి, నేరుగా కదిరవన్ కాళ్ళ మధ్యనుంచి పరుగెత్తింది. "పెరుచ్చాళి!" అని, అంటే పందికొక్కని, కేక పెట్టి ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న ఆ మనిషి బట్టల రాయి ఎక్కాడు. వరస చెదిరిపోయింది. కళైవాణి ఎలా దాటిందో తెలియదు గానీ, మరుక్షణం గోడకవతల తన ఇంట్లో ఉంది.

"అదే కదప్పా నేను పొద్దున్నుంచి చెప్పేది, కొక్కు!" అంది అంజలమ్మ, తన మాట రుజువైనందుకు తృప్తిగా.

వెనకాలే పిల్లలు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు. మూడోది ఎటు పోవాలో తెలియక పెరడు నడిమధ్యలో ఆగింది. అప్పుడు పక్కింటి కొబ్బరిచెట్టు మీదనుంచి పెద్ద నీడ ఒకటి జారింది. గాలి విసురు అందరి ముఖాలకూ తగిలింది. రెక్కలు ఒక్కసారి నేల మీద చప్పుడు చేశాయి, మళ్ళీ పైకి లేచాయి. నడిమధ్యలో ఉన్న పిల్ల ఇప్పుడు లేదు.

అందరి తలలూ పైకి లేచాయి, కదిరవన్ కెమెరా క్లిక్కుమంది.

"ఏంది అది?" అంది అంజలమ్మ కుర్చీలోంచి సగం లేచి. "ఏందో పెద్దది వచ్చె. చెప్పండే, ఏంది?"

బట్టల రాయి మీద నిలబడి ఉన్న కదిరవన్ చెప్పడానికి నోరు తెరిచాడు. అంతకంటే ముందు ముత్తులక్ష్మి గొంతు వినబడింది.

"గరుడుడు అత్తా! సాక్షాత్తు గరుడాళ్వారు! మెడ తెల్లగా, రెక్కలు ఎర్రగా, దిగి మన కొక్కుపిల్లను ఎత్తుకుపోయె!" అంటూ ఆమె పరుగున వచ్చి, తెరుచుకున్న కదిరవన్ నోటి ముందు కాఫీ లోటా పెట్టింది. "తాగండి సార్, చల్లారిపోతుంది." ఆమె చూపు చూసి ఆయన మాట మింగి కాఫీ తాగాడు.

అంజలమ్మ లేచి నిలబడింది. బెణికిన కాలు సంగతి మరచిపోయింది. రెండు చేతులతో చెంపలేసుకుంది. "రంగా! కారమడై రంగా! ఆదివారం పూట, నా పెరట్లో, నా కళ్ళెదుట!" ఆమె కళ్ళనుంచి నీళ్ళు కారాయి. ఆ క్షణంలో ఆమె ఎంత సంతోషపడిందో చూసినవాళ్ళెవరికీ నవ్వాలనిపించలేదు. తర్వాత ఆమె తిరిగి సిమెంటు మూటను చూసి ముఖం చిట్లించింది.

"గరుడుడు దిగిన తావులో సిమెంటా? ఎవరు చెప్పింది?"

మేస్త్రి మూట మీద చెయ్యి వేసి ఆమెనే చూశాడు.

"మణికండా, నా కాలు పడకుండా ఆ రాయి చుట్టూ రెండు అడుగులు మాత్రం పూసి పో. మిగిలింది మట్టిగానే ఉండాల. ఆ కొక్కుల్ని కూడా ఎవరూ ఏమీ చెయ్యగూడదు. గరుడుడు మళ్ళా వస్తే ఏం తింటాడు?"

మూడో విడత కాఫీ తట్టతో పొన్నుసామి బయటికి వచ్చేసరికి పదిమంది ఆకాశం వైపు చూస్తున్నారు, మేస్త్రి మూటలు తిరిగి ఆటోలో వేయిస్తున్నాడు. సంగతి విని ఆయన తట్టతో సహా అక్కడే నిలబడిపోయాడు. పెరడు దక్కింది. గుండెల మీదనుంచి బరువు దిగింది. కానీ గరుడపక్షి! రెండేళ్ళుగా పొద్దున ఆరింటినుంచి ఆయన ఎదురుచూసిన పక్షి, తన సొంత పెరట్లో, తన కుర్చీకి నాలుగు గజాల దూరంలో దిగితే, సిమెంటు మేస్త్రి కూడా చూశాడు, తాను పాలు పొంగకుండా చూస్తున్నాడు! నిజం దాచినందుకు ఇంత త్వరగా శిక్ష పడుతుందని ఆయన అనుకోలేదు.

వెళ్ళేముందు కదిరవన్ ఆయన్ని పక్కకు పిలిచాడు. మొదట క్షమాపణ చెప్పాడు. తర్వాత కెమెరా తిప్పి అందులో ఉన్న ఫోటో చూపించాడు. పొన్నుసామి వంగి చూశాడు. గోధుమరంగు ఒళ్ళు. మెడ మీద తెలుపు చుక్క కూడా లేదు. తోక చివర చీలి ఉంది. అది గరుడుడు కాదు. చేపల మార్కెట్ మీద రోజూ తిరిగే మామూలు గద్ద. ఆయన తలెత్తి కదిరవన్‌ను చూశాడు. కదిరవన్ వంటింటి గుమ్మం వైపు చూసి, "వీట్ల కాఫీ రొంబ నల్లా ఇరుందు," అని ఇంటి కాఫీని మెచ్చుకుని, కెమెరా మూతపెట్టి, చెప్పుల కోసం వెళ్ళాడు. గోడకవతలనుంచి కళైవాణి తల మాత్రం పైకి పెట్టి, రేపటినుంచి తనకు తెలుగు సరిగ్గా నేర్పమని అంజలమ్మను అడిగింది. అంజలమ్మ ఒప్పుకుంది. నేర్చుకోవడానికి ఏముంది, అంతా తమిళమే కదా అంది.

సాయంత్రం ఎండ తగ్గాక పొన్నుసామి వసారాలో కూర్చున్నాడు. మూకుట్లో పికిలిపిట్టలు మునుగుతున్నాయి. పెరటి నడుమ అంజలమ్మ ముగ్గు వేయించిన చోటును గోరింకలు అప్పుడే కెలికి పెట్టాయి. ముత్తులక్ష్మి వచ్చి మెట్టు మీద కూర్చుని పూలు కట్టసాగింది.

"లక్ష్మీ, అది గరుడుడు కాదు. సాదా గద్ద," అన్నాడు పొన్నుసామి గొంతు తగ్గించి.

"అట్లనా."

"తోక చీలుండాది. నువ్వు చూడలేదా?"

"చూస్తిని. రెండేండ్లుగా పొద్దున లేస్తే తోక తోక అని చెప్పి నా చెవి కోస్తిరి కదా, నాకు తెలియదా?"

"మరి ఏమిటికట్ల చెప్తివి?"

ఆమె దారం ముడివేసి పంటితో కొరికింది. "రెండో తూరి, మూడో తూరి కాఫీ మిమ్మల్ని ఎవరు అడిగిరి?"

పొన్నుసామి బైనాక్యులర్ తీసి గాజు తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

"ఆవాల మీద మెంతుల మూత పెడితిరి," అంది ముత్తులక్ష్మి. "సరే, తీసి మార్చుకుంటాను. నెంబర్లు వేస్తానంటిరి. పొద్దున్నుంచి అక్కడే కుర్చీ వేసుకుంటానంటిరి. అప్పుడే అనుకుంటిని, ఈ మనిషికి పెరడు ఉండి తీరాల అని. దాని తర్వాత గద్ద అయితే ఏమి, గరుడుడు అయితే ఏమి?" ఆమె లేచి పూలచెండు కొప్పులో పెట్టుకుంది. "రేపటినుంచి కుర్చీ ఇంకొంచెం అవతలగా వేసుకోండి. ఆ మునగచెట్టు కింద నీడ బాగుంటుంది."

పొన్నుసామి లేచి కుర్చీని మునగచెట్టు కిందికి మార్చుకున్నాడు. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరు ఎవర్ని గమనిస్తున్నారో ఆయనకు ఆ రోజే తెలిసింది.